గాజు చల్లారే వేగం

ఆ గదిలో నల్లగా కనిపించేదే మంచి గాజు. వెలిగిందంటే దాంట్లో ఏదో తేడా ఉన్నట్టు.

గది అనడమే గానీ, అది కొలిమి షెడ్డుకీ ప్యాకింగ్ హాలుకీ మధ్య రేకులతో కట్టిన గూడు. లోపల గోడలన్నిటికీ నల్లరంగు. ఒక బల్ల, ఒక ఎత్తు స్టూలు. బల్ల మీద దీపం అమర్చిన పెట్టె, దాని ముందు జానెడు ఎడంగా ఎదురెదురుగా నిలబెట్టిన, వెలుతురుని వడగట్టే రెండు నల్లటి అద్దపు పలకలు. ఆ రెంటి మధ్య ఉన్న తిరుగుడు పీట మీద గాజు జాడీని పెట్టి ఒక్క చుట్టు తిప్పాలి. తీరిగ్గా చల్లారిన జాడీ అయితే బూడిదరంగు నీడలా ఉండీ లేనట్టు కనిపిస్తుంది. లోపల బిగువు ఉంటే మెడ వంపు దగ్గరో, అడుగు అంచునో తెల్లగా మెరుస్తుంది. బిగువు ఎక్కువైతే పసుపు. ఇంకా ఎక్కువైతే తడిరోడ్డు మీద నూనె ఒలికినట్టు అన్ని రంగులూ. అదే జాడీని బయట వెలుతురులోకి తీసుకెళితే పక్కదానికీ దానికీ వీసమెత్తు తేడా కనిపించదు.

నల్లగా ఉన్నవి కుడివైపు పెట్టెలోకి పోతాయి. వెలిగినవాటి అడుగున, ఆ గదిలో పనిచేసే ఆమె ఎర్రమైనపు పెన్సిలుతో గీత గీసి ఎడమవైపు పెట్టెలో పెడుతుంది. సాయంత్రం బండివాడు వచ్చి ఎడమ పెట్టెలన్నీ తీసుకెళ్లి కొలిమి వెనక గుంతలో గుమ్మరిస్తాడు. మర్నాడు ఆ ముక్కలు మళ్లీ కరుగుతాయి. గుంతలో గాజు పడిన చప్పుడు వినగానే ఆమె దీపం ఆర్పి లేస్తుంది.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను చీకటక్క అనేవారు. ఎదురుగా కూడా అలాగే పిలిచేవారు. ఆమె పలికేది. మధ్యాహ్నం గంట కొట్టగానే ప్యాకింగ్ ఆడవాళ్లంతా చేతులు దులుపుకుని, డబ్బాలు తెరిచి, గుండ్రంగా కూర్చునేవారు. చీకటి గదిలోంచి వచ్చిన కళ్లు వెలుతురుకి అలవాటు పడాలి కాబట్టి ఆమె గుమ్మంలో కాసేపు కళ్లు మూసుకుని నిలబడేది. తెరిచేసరికి వాళ్లు అప్పటికే సగం తిని నవ్వుల్లో పడి ఉండేవారు. మధ్యలో వెళ్లి కూర్చోవాలంటే ఎవరో ఒకరు జరగాలి. జరగమని అడగడం ఆమెకు చేతకాలేదు. గదిలోకి తిరిగి వెళ్లి బల్ల మీదే డబ్బా తెరుచుకునేది. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మనీ అనలేదు. అలా జరిగిపోయిందంతే.

ఆమెతో మాట్లాడే మనిషి ఒక్కతే, రేడియో. గది గోడకు ఉన్న చిన్న కిటికీలోంచి కుడివైపు పెట్టెలు అందుకుని హాల్లోకి చేరవేసేదీ, చేరవేశాక కాయితం చుట్టి సర్దేదీ ఆ అమ్మాయే. పొద్దున విప్పిన నోరు సాయంత్రం దాకా మూసేది కాదు కనక ఆ పేరు.

"అక్కా, వింటున్నావా? నీ నోటికి తాళం వెయ్యాలే అంది మా అత్త. వెయ్యండత్తా, చెవి ఎలాగూ మీ దగ్గరే ఉంటుందిగా, అదేమో పనిచెయ్యదు అన్నాను. పాపం, సగమే వినబడింది. తాళం ఏదే, తాళం ఏదే అని ఇల్లంతా వెతికింది."

కిటికీకి అవతల రేడియో నవ్వేది. ఇవతల చీకట్లో ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు రేడియోకి కనిపించేది కాదు.

ఒక వారం పెద్ద ఆర్డరు వచ్చింది. ఎప్పుడూ గది వైపు రాని సొరంగం బాబాయి కిటికీ దగ్గరకు వచ్చి మెడ తుడుచుకుంటూ నిలబడ్డాడు. అచ్చులోంచి వచ్చిన వేడి జాడీలు మెల్లగా చల్లారుతూ సాగే పొడుగాటి పొయ్యిని అందరూ సొరంగం అనేవారు. దాని బెల్టు నడిపేది ఆయన.

"బెల్టు వేగం పెంచమన్నారమ్మా. లోపల ఉండాల్సినంతసేపు ఉండట్లేదు జాడీ. నీ ఎడమ పెట్టెలు నిండుతాయి, చూసుకో."

నిండాయి. మెడ దగ్గర పసుపు, అడుగున పసుపు. తిప్పిన ప్రతి రెండో జాడీ చీకట్లో దీపంలా వెలిగింది. మధ్యాహ్నానికి సూపర్‌వైజరు తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన వెనక వచ్చిన వెలుతురుకి ఆమె కళ్లు చికిలించింది.

"ఇన్నిన్ని తీసేస్తే లారీ ఎప్పుడు నిండేనమ్మా? కాస్త చూసీ చూడనట్టు పోవాలి."

"నా పని చూడ్డమే కదండీ."

ఆయన నవ్వేశాడు. "అవున్లే. చూడు, చూడు. నిన్నెవరు కాదన్నారు?" అని తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బండి వచ్చి ఎడమ పెట్టెలు తీసుకెళ్లింది. ఆమె స్టూలు మీద కూర్చుని చప్పుడు కోసం ఎదురుచూసింది. చప్పుడు రాలేదు. గుంత నిండిపోయిందేమో, రేపు పారబోస్తారేమో అనుకుంది. కొంచెంసేపు ఆగి దీపం ఆర్పి ఇంటికి వెళ్లింది. మర్నాడు సాయంత్రం కూడా పెట్టెలు వెళ్లాయి, చప్పుడు రాలేదు. ఈసారి ఆమె అంతసేపు ఆగలేదు.

ఆ మర్నాడు పని మొదలై ఎంతోసేపు కాలేదు. హాల్లో రేడియో ఎవరికో బస్సులో జరిగిన గొడవ చెబుతోంది. 'ఆవిడేమో నా కాలు తొక్కి, నన్నే…' అన్న మాట గోడ ఇవతలికి వినబడింది. వెంటనే 'టప్' మని చిన్న శబ్దం.

జారిపడిన గాజుకి రెండు చప్పుళ్లుంటాయి, తగిలినదొకటి, చెదిరినదొకటి. దీనికి ఒకటే ఉంది. ఆ తరవాత రేడియో గొంతు లేదు. ఆ లేకపోవడానికే ఆమె స్టూలు మీంచి లేచింది. ఆ తరవాత కేకలు మొదలయ్యాయి.

తలుపు తీసేసరికి వెలుతురు మొహాన కొట్టింది. కాసేపు అంతా తెల్లగా, మనుషులు నీడల్లాగా. మెల్లగా ఆకారాలు తేలాయి. రేడియో బల్ల దగ్గర నిలబడి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆ చెయ్యి తనది కానట్టు చూస్తోంది. కాయితాల మీద రక్తం.

"నేనేం చెయ్యలేదు. కాయితం చుట్టానంతే," అంది.

సూపర్‌వైజరు పరుగున వచ్చాడు. "జారిందా?"

"జారలేదు సార్. చేతిలోనే ఉంది."

"చేతిలో ఉన్న గాజు దానంతటదే పగులుతుందా? కబుర్ల మీద ఉన్న ధ్యాస పని మీద ఉంటే కదా! పట్టండి, బండిలో ఎక్కించండి."

ఎవరో చీర చెంగు చింపి చేతికి చుట్టారు. రేడియోని తీసుకెళ్లారు. మిగిలినవాళ్లు గోడకు చేరి గుసగుసలాడుతుంటే చీకటక్క వంగి చూసింది. జాడీ అడుగు భాగం గుండ్రంగా, ముక్కలు కాకుండా, బల్ల కాలి దగ్గర పడి ఉంది. దాని మీద గీత లేదు. ఎవరో గుడ్డపెట్టి తుడిచారు. కానీ అడుగు గుంట అంచు వెంట, గుడ్డ కొస అందనిచోట, గోరు గీసినంత ఎరుపు మిగిలింది.

ఊడ్చే మనిషి వచ్చి "జరుగమ్మా, కాలికి గుచ్చుకుంటాయి" అంది. ఆమె జరిగింది. చీపురుతో పాటు ఆ అడుగు కూడా చేటలోకి పోయింది. ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని జాడీలు తిప్పింది. కిటికీ దగ్గరకు పెట్టె కోసం వేరే అమ్మాయి వచ్చింది. తీసుకుంది, వెళ్లింది. ఒక్క మాట లేదు.

ఆ సాయంత్రం అద్దెగదికి వచ్చి ఆమె స్టవ్వు వెలిగించింది. ఒక్క మనిషికి సరిపడా బియ్యం కడిగింది. మంచం, కుర్చీ, కిటికీ పక్కన మేకుకి తగిలించిన సంచి, అన్నీ పొద్దున వదిలినచోటే ఉన్నాయి. పక్కింటావిడ తలుపు దగ్గర నిలబడి నీళ్ల మోటారు పాడైందని చెప్పింది. బదులు చెబుదామంటే గొంతు పట్టేసింది. పొద్దున్నుంచీ వాడని గొంతు. ఒకసారి దగ్గి "అలాగేనండీ" అంది.

ఆవిడ వెళ్లాక తలుపు వేసి, గది మధ్యలో నిలబడి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు పైకే అంది: "ఆ జాడీని నేను తీసేశాను." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మళ్లీ అంది. మూడోసారి అనబోతుంటే అన్నం పొంగింది.

మర్నాడు హాల్లో రేడియో చోటు ఖాళీగానే ఉంది. కుడి అరచేతిలో నరం తెగిందనీ, కుట్లు వేశారనీ, రెండు వేళ్లు వంగకపోవచ్చన్నారనీ ఒకరు చెప్పారు. ఇంక పనిలోకి రావద్దని సూపర్‌వైజరు కబురు పెట్టాడని ఇంకొకరు చెప్పారు. "ఒంటిచేత్తో ప్యాకింగ్ ఏం చేస్తుంది? పైగా తప్పు తనదేనాయె," అన్నాడట.

చీకటక్క గుమ్మంలో కళ్లు మూసుకుని నిలబడి ఇదంతా వింది. ఆమెకు బాధ కలిగించింది ఆ మాట కాదు, ఆ తరవాత వినబడినది.

"నిజం చెప్పాలంటే, దానికి నోరే తప్ప చేతుల మీద చూపెక్కడిదే?" అంది వాళ్లల్లో ఒకామె.

"ఊరుకో. పాపం, గాయపడ్డ పిల్ల," అంది పెద్దక్క. ఆమె అందరికన్నా పాతమనిషి. అంతేగానీ 'కాదు' అనలేదు. ఎవరూ అనలేదు. డబ్బాల మూతలు పెట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

పని అవగానే ఆమె రేడియో ఇంటికి బయలుదేరింది. ఇల్లు ఎప్పుడూ చూడలేదు గానీ అడగాల్సిన పని లేకపోయింది. సందు చివర ఇనప మెట్లు, మెట్ల కింద ఎప్పుడూ నిద్రపోయే కుక్క, పై వాటాలో హార్మోనియం నేర్చుకుంటూ ఎన్నాళ్లైనా నేర్చుకోలేని మనిషి, అన్నీ ఆమెకు విని తెలిసినవే. హార్మోనియం తప్పులు పోతూ వినిపించింది. తలుపు కొట్టింది.

అత్తగారు తీసింది. లోపల మంచం మీద రేడియో గోడకానుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి కట్టుతో కొబ్బరిబోండమంత అయింది. మంచం మీద దువ్వెన, కొబ్బరినూనె సీసా. సగం అల్లిన జడ భుజం మీద పడి ఉంది. అత్తగారు మళ్లీ వెళ్లి మంచం వెనక నిలబడి జడ అందుకుంది.

"మీరేనా చీకటక్క? కూర్చోండమ్మా. ఇరవైనాలుగ్గంటలూ మీ ఊసే చెబుతుంది ఇది. మీరంత బాగా తన మాట ఇంకెవరూ వినరట." ఆవిడ గట్టిగట్టిగా, వినబడనివాళ్లు మాట్లాడినట్టు మాట్లాడింది. "నిన్నట్నుంచీ నోరు విప్పలేదు. నోరు మూసుకోవే అని ఇన్నాళ్లూ అన్నది నేనే. ఇప్పుడీ ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు."

రేడియో తల ఎత్తలేదు. చీకటక్క కుర్చీ అంచున కూర్చుంది.

"నీ చెయ్యి జారలేదు," అంది.

"నాకు తెలుసు."

"ఆ జాడీ మంచిది కాదు. నేను తీసేశాను. తీసేసినవన్నీ మళ్లీ తెచ్చి కలిపారు. గీతలు తుడిచి."

రేడియో ఇప్పుడు చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న. అడుగు ముక్క చూశాక." అని ఆగింది. అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేకపోయింది. "అంతకు ముందు రెండు సాయంత్రాలు గుంతలో చప్పుడు రాలేదు."

పై వాటాలో హార్మోనియం అదే ముక్క మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అత్తగారి వేళ్లు జడ అల్లుతూనే ఉన్నాయి.

"నీ కిటికీ దగ్గర నిలబడి మా ఇంట్లో ఉప్పూ కారం సంగతి దాకా చెప్పేదాన్ని," అంది రేడియో. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఏం, అడిగానా నిన్ను, నాకూ ఒకటి చెప్పు అని? ఒక్కసారి 'ఇవాళ చప్పుడు రాలేదేంటే' అని ఉంటే చాలు కదక్కా. మిగతాది నేనే ఊరంతా చాటేదాన్ని."

అత్తగారు జడ కొస ముడి వేసి, ఏమీ వినని మొహంతో, "మీరొచ్చారు, అది నోరు విప్పింది. టీ పెడతానుండండి," అని వంటగదిలోకి వెళ్లింది.



మర్నాడు పొద్దున ఆమె తన గదిలోకి వెళ్లకుండా నేరుగా ప్యాకింగ్ హాల్లోకి వెళ్లింది. ఇంకా గంట కొట్టలేదు. ఆడవాళ్లు కాయితాలు దొంతరలు పెట్టుకుంటున్నారు. ఆమెను చూసి మాటలు ఆపారు. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చింది గానీ అందులో ఒక్క ముక్క కూడా నోటికి రాలేదు.

"నా గదిలోకి ఒకసారి వస్తారా?" అంది పెద్దక్కతో.

"ఎందుకమ్మా?"

"చూడ్డానికి."

పెద్దక్క ఆమె మొహంలోకి చూసి లేచింది. వెనక ఇంకో ఇద్దరు లేచారు. ఇన్నేళ్లు పక్కగోడ అవతలే పనిచేసినా ఒక్కరూ లోపలికి వచ్చింది లేదు. తలుపు వేయగానే ఒకామె "అమ్మో!" అంది. ఇంకొకామె ఎవరి కాలో తొక్కింది. "కాసేపు ఆగండి. కళ్లు కుదురుకుంటాయి," అంది చీకటక్క. వాళ్ల ఊపిరి చప్పుడు గదంతా నిండింది. ఆ గదిలో తన ఊపిరి కాక ఇంకో ఊపిరి ఆమె ఎప్పుడూ వినలేదు.

మంచి జాడీ పీట మీద పెట్టి తిప్పింది. నీడలా తిరిగింది. "ఇది మంచిది." తరవాత ఎడమ పెట్టెలోది పెట్టింది. పలకల మధ్య మెడ చుట్టూ పసుపు, ఎరుపు, నీలం ఒక్కసారిగా వెలిగి, తిప్పుతుంటే జరుగుతూ పోయాయి.

"అబ్బ! నెమలీకలా ఉందే!"

"ఇది చెడ్డది," అంది చీకటక్క.

"ఇంత అందంగా ఉంటే చెడ్డదన్నమాట. మా ఆయన సంగతి ఇప్పుడు తెలిసింది," అంది ఒకామె. చీకట్లో నవ్వులు. పెద్దక్క నవ్వలేదు.

"ఏమిటా రంగులు? వివరంగా చెప్పు."

చేరిన కొత్తలో సొరంగం బాబాయి తనకు చెప్పినదంతా ఆమెకు గుర్తుంది. కానీ అది చెప్పబోతే మాటలు బిగుసుకున్నాయి. వీళ్లంతా పొద్దున ఏ బస్సులో వస్తారో ఆమె కూడా అదే బస్సులో, వెనక వైపు నిలబడి వస్తుంది.

"బస్సులో సీట్లలో కూర్చున్నవాళ్లు ఉంటారు కదా," అంది. "ఎవరి సీటు వాళ్లది. కుదుపుకి ఉన్నచోటే ఊగుతారు గానీ సీటు వదలరు. ఇనుమూ, ఉప్పుకల్లూ, మంచుగడ్డా అలాంటివి. లోపల రేణువులు వరస తప్పకుండా కూర్చుని, కూర్చున్నచోటే అదురుతూ ఉంటాయి."

"మరి నీళ్లు?"

"మనం. నిలబడ్డవాళ్లం. దూరదూరంగా ఏం ఉండం, ఒకరినొకరు రాసుకుంటూనే ఉంటాం. కానీ వరస లేదు. జరుగు అంటే జరుగుతాం, సందు దొరికితే దూరతాం."

"దిగిపోయినవాళ్లు ఆవిరై ఉంటారు," అంది ఇందాక మొగుణ్ని ఎగతాళి చేసిన ఆమె.

"అంతే. ఎవరి దారి వాళ్లది, ఎంత చోటుంటే అంతా వాళ్లదే."

"గాజు కూర్చున్నదేగా మరి? ఇంత గట్టిగా ఉందిగా?"

"కాదు. గట్టిగా ఉంటుంది గానీ అది నిలబడ్డ గుంపే. కొలిమిలో నీళ్లలా ఉంటుంది. చల్లారేటప్పుడు సీట్లు వెతుక్కునేలోపే ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోతారు. ఒకళ్ల మోచెయ్యి ఇంకొకళ్ల డొక్కలో ఉండగానే. మెల్లగా చల్లారిస్తే ఆ మోచెయ్యి తీసుకోవడానికి వ్యవధి ఉంటుంది. సొరంగం ఉన్నది అందుకే. తొందరపెడితే పైపైవాళ్లు ముందు బిగుసుకుంటారు. లోపలివాళ్లు ఇంకా సర్దుకోవాలని గుంజుతుంటారు. ఆ గుంజులాటే ఈ రంగులు."

కాసేపటికి పెద్దక్క అడిగింది. "ఎన్నాళ్లు గుంజుతుంది అలాగ?"

"జాడీ ఉన్నన్నాళ్లూ. కొన్ని పగలకుండానే ఉండిపోతాయి. కొన్నిటికి చిన్న గీత పడితే చాలు."

పెద్దక్క తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. లారీ కోసం సర్దిపెట్టిన అట్టపెట్టెల్లో ఒకదాని మూత చించి, కాయితం విప్పి, ఒక జాడీ తెచ్చింది. పీట మీద తనే పెట్టింది. అది వెలిగింది. ఇంకోటి తెచ్చింది. అదీ వెలిగింది. మూడోదాన్ని తెస్తూ, గుమ్మంలో ఆగి, దాన్ని మెల్లగా, నిద్రపోయే పసిపిల్లను దించినట్టు నేలమీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది.

అప్పుడు మిగిలినవాళ్లంతా ముగ్గురేసి లోపలికి వెళ్లి చూసి వచ్చారు. రేడియోకి చేతుల మీద చూపు లేదన్న ఆమె అందరికన్నా ఆలస్యంగా వచ్చింది, బయటికి వచ్చి ఎవరివైపూ చూడకుండా తన చోట్లో కూర్చుంది. గంట కొట్టారు. చేతులన్నీ ఒడిలోనే ఉన్నాయి.

సూపర్‌వైజరు వచ్చి, "ఏమిటిది? పెళ్లి చూపులా, కదలకుండా కూర్చున్నారు?" అన్నాడు.

"మేం ముట్టుకోం సార్," అంది పెద్దక్క. "అవన్నీ ఒకసారి చీకట్లో చూపించి తెండి. అప్పుడు ముట్టుకుంటాం."

ఆయన అరిచాడు. బతిమాలాడు. చివరికి మేనేజరుని పిలుచుకొచ్చాడు. మేనేజరు మాట్లాడకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. చీకటక్క జాడీలు పెట్టి తిప్పింది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఇవన్నీ పగలాలని లేదు కదా?"

"లేదు సార్. ఏది పగులుతుందో చెప్పలేం."

"మీరు ముందు నా దగ్గరకు రావాలి. వాళ్లకి చూపించడం ఏమిటి?"

ఆమె జాడీని పీట మీంచి తీసింది. "చేతులు వాళ్లవి కదండీ," అంది.

ఆ రోజు లారీ నిండలేదు. మర్నాడూ నిండలేదు. సర్దిన పెట్టెలన్నీ విప్పి ఆమె కిటికీలోంచి వెనక్కి పంపారు. ఎడమ పెట్టెలు పేరుకుపోయాయి. బెల్టు వేగం తగ్గించమని సొరంగం బాబాయికి చెప్పారు. ఆయన తగ్గించి, వచ్చి ఆ మాట కిటికీలో చెప్పి వెళ్లాడు. సాయంత్రం గుంతలో గాజు పడిన చప్పుడు చాలాసేపు వచ్చింది. సూపర్‌వైజరు తన కుర్చీలోనే ఉన్నాడు. ఆమెతో మాట్లాడటం మాత్రం మానేశాడు.

రేడియో తప్పు లేదని మేనేజరు ఒప్పుకున్నాడు. వైద్యం కంపెనీయే చేయిస్తుందన్నాడు. పని సంగతి అడిగితే మాత్రం, "రెండు వేళ్లు వంగని చెయ్యితో కాయితం ఎలా చుడుతుందమ్మా? ఇంకేదైనా ఉంటే చూద్దాం," అన్నాడు. 'చూద్దాం' అంటే ఏమిటో హాల్లో అందరికీ తెలుసు.

మర్నాడు చీకటక్క తన గదిలో స్టూలు మీద కూర్చుని కుడిచెయ్యి ఒడిలో పెట్టుకుంది. ఎడమచేత్తో జాడీ తీసి పీట మీద పెట్టింది, ఎడమచేత్తో తిప్పింది. గీత గీయడానికి జాడీని బల్ల మీద బోర్లించి, ఒంటికి ఆనించుకుంటే కుదిరింది. మొదట్లో ఒకటి దొర్లబోయి ఆగింది. మధ్యాహ్నానికి చెయ్యి అలవాటు పడింది. సాయంత్రం దాకా కుడిచెయ్యి ఒడిలోంచి తియ్యలేదు. దీపం ఆర్పి మేనేజరు గదికి వెళ్లింది.

"నా పని ఆ అమ్మాయికి ఇవ్వండి. ఒంటిచేత్తో అవుతుంది. నేను ఇవాళంతా చేసి చూశాను."

"మరి మీరు?"

"ప్యాకింగ్‌కి వెళ్తాను."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ పిల్లకి నోరు నిలవదంటారు. ఆ చీకట్లో ఒక్కతీ ఉండగలదా?"

ఆమె ఆలోచించింది. "నేనూ అదే అనుకున్నాను సార్," అంది. "కానీ ఇంట్లో కూర్చున్నా అంతేగా."

గాయం మానాక రేడియో వచ్చింది. చీకటక్క ఆమె వెనక నిలబడి నేర్పింది. చెప్పినదల్లా రేడియో చేసింది, అడిగినదానికి జవాబిచ్చింది. అంతకు మించి ఒక్క మాట లేదు. "ఇది?" అంటే "తెలుపు" అనేది. "ఇది?" అంటే "పసుపు." ఒకసారి మాత్రం, అన్ని రంగులూ వెలిగిన జాడీ ఒకటి తిరుగుతుంటే ఆపి, వంగని రెండు వేళ్లు దానికి ఆనించి, చాలాసేపు చూసింది. తరవాత ఎర్రగీత గీసి ఎడమపెట్టెలో పెట్టింది.

ప్యాకింగ్ హాల్లో మొదటిరోజు చీకటక్కకి వెలుతురు పడలేదు. పొద్దున్నుంచీ కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. "ఏడుస్తున్నావా?" అని నలుగురు అడిగారు. కాదని నలుగురికీ చెప్పింది. కాయితం ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ వచ్చేది, లేకపోతే చిరిగేది. పెద్దక్క ఆమె చేతిలోంచి తీసుకుని, మూల మడిచి, జాడీని దాని మీద దొర్లించి, కొసను మెడలోకి దోపి చూపించింది. మధ్యాహ్నం గంటకి అందరూ గుండ్రంగా కూర్చున్నారు. ఆమె డబ్బా పట్టుకుని నిలబడి ఉంటే ఇద్దరు చెరోవైపు జరిగారు. కూర్చుంది. చుట్టూ మాటలు పెద్దగా, ఒకదాని మీద ఒకటి పడుతూ సాగాయి. ఎక్కడ అందుకోవాలో తెలియక తల వంచుకుని తినేసింది. అంతమందిలో ఆ చోటు కూడా ఆమెకు గదిలాగే ఉంది.

సాయంత్రం అవుతుండగా పెట్టె కోసం కిటికీ దగ్గరకు వెళ్లింది. లోపల చీకట్లో మొహం కనిపించలేదు. పెట్టెను ముందుకు తోస్తున్న ఎడమచెయ్యి ఒక్కటే వెలుతురులోకి వచ్చింది. ఆమె పెట్టె అందుకుంది. వెనక్కి తిరగబోతుంటే లోపలినుంచి గొంతు వినిపించింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు ఆ గొంతులో.

"ఇందులో ఇన్నేళ్లు ఒక్కదానివే ఎలా ఉన్నావక్కా?"

హాల్లోంచి పెట్టె తెమ్మని ఎవరో కేకేశారు. చీకటక్క పెట్టెను కిటికీ అరుగు మీద దించింది. లోపలి చీకటి వైపు చూసింది. అక్కణ్నుంచి చూస్తే అందులో ఏమీ కనిపించదని ఆమెకు అప్పుడే తెలిసింది. గొంతు సవరించుకుంది.

"చేరిన కొత్తలో చాలా భయం వేసేది," అని మొదలుపెట్టింది. "అప్పట్లో ఏం చేసేదాన్నంటే…"